మార్కులో ఏం ఉండాలి, ఏం ఉండకూడదు

తల్లిదండ్రులకు నమస్కారం.

ఎఫ్‌ఏ-1 (ఈ ఏడాది మొదటి ఫార్మేటివ్ పరీక్ష) పేపర్లు ఈ వారం పిల్లల బ్యాగుల్లో ఇంటికి వస్తున్నాయి. ఈసారి వాటిని చూసి మీలో కొందరు ఆశ్చర్యపోవచ్చు. పేపరు మీద పేరు ఉండదు, నెంబరు ఉంటుంది. చేతిరాత ముత్యాల్లా ఉందని వేసే అర మార్కు ఉండదు. ప్రాజెక్టులో ఎప్పుడూ పదికి పది తెచ్చుకునే పిల్లలకు ఏడు వచ్చి ఉండొచ్చు. వాట్సాప్ గ్రూపుల్లో చర్చ మొదలయ్యేలోపు అసలు సంగతి నేనే చెబుదామని ఈ ఉత్తరం.

ఈ ఏడాది మేం పెట్టుకున్న నియమం ఒక్కటే. సైన్సు మార్కు చూస్తే ఆ పిల్లకు సైన్సు ఎంత వచ్చో తెలియాలి. బుద్ధిగా కూర్చుంటుందా, టీచరుకు ఇష్టమా, ఇంట్లో కలర్ ప్రింటర్ ఉందా అన్నవి ఆ అంకెలోకి రాకూడదు. విద్యాహక్కు చట్టం 29వ సెక్షన్ కూడా అడిగేది ఇదే: పిల్లలకు విషయం ఎంత అర్థమైంది, దాన్ని వాడుకోగలుగుతున్నారా అన్నది నిరంతరంగా అంచనా వేయమంటుంది.

పేపరు దిద్దడం మనం అనుకునేంత నికరమైన పని కాదు. 1912లో అమెరికాలో స్టార్చ్, ఎలియట్ అనే ఇద్దరు పరిశోధకులు ఒకే ఇంగ్లీషు పేపరు నకళ్లను దాదాపు 140 మంది టీచర్ల చేత దిద్దించారు. మార్కులు 64 నుంచి 98 దాకా వచ్చాయి! భాష పేపరు కదా, అభిప్రాయాలు మారతాయిలే అన్నవాళ్ల కోసం మరుసటి ఏడాది జామెట్రీ పేపరుతో చేశారు. తేడా తగ్గకపోగా ఇంకా పెరిగింది. కొందరు లెక్క మాత్రమే చూశారు, కొందరు కొట్టివేతలకూ మార్కులు తగ్గించారు. వందేళ్లు దాటినా మన స్టాఫ్ రూములో పరిస్థితి పెద్దగా మారలేదు. జూన్‌లో ఒక సోషల్ జవాబును అందరికీ ఇచ్చి దిద్దమంటే, ఐదుకు ఒకరు రెండు వేశారు, ఇంకొకరు నాలుగున్నర వేశారు. ఇద్దరూ మంచి టీచర్లే. ఆ జవాబులో ఏ అంశానికి ఎంత అన్నది ముందుగా అనుకోలేదు, అంతే.

అందుకే ఇప్పుడు ప్రశ్నపత్రంతో పాటే దిద్దే స్కీమ్ కూడా తయారవుతోంది. నాలుగు మార్కుల ప్రశ్నలో కారణానికి ఎంత, ఉదాహరణకు ఎంత, బొమ్మకు ఎంత అన్నది పరీక్షకు ముందే రాసి ఉంటుంది. పరీక్ష అయ్యాక దాన్ని పిల్లలకూ చూపిస్తాం. దిద్దేటప్పుడు ఒక పేపరు మొత్తం పూర్తి చేసి ఇంకోటి తీయరు. అందరి మొదటి జవాబులు దిద్దాకే రెండో జవాబుకు వెళ్తారు. మొదటి ప్రశ్న బాగా రాసిన పిల్లకు మూడో ప్రశ్నలో చూసీచూడనట్టు వదిలేయడం టీచర్లందరికీ తెలిసిన బలహీనత. నెంబరు వేసినా చేతిరాత గుర్తుపట్టరా అని మీరు అడగొచ్చు. గుర్తుపడతారు. అందుకే ఎ సెక్షన్ పేపర్లు బి సెక్షన్ టీచరుకు వెళ్తున్నాయి.

భాష సంగతి కొంచెం వివరంగా చెప్పాలి. మన బడిలో చాలామంది ఇళ్లలో తెలుగు మాట్లాడతారు. కొందరు అనంతపురం, చిత్తూరు నుంచి వచ్చినవాళ్లు, కొందరు తరాలుగా బెంగళూరు, కోలారుల్లోనే ఉన్నవాళ్లు. వీధిలో కన్నడ, క్లాసులో ఇంగ్లీషు. ‘ప్లాంట్ ఈజ్ ప్రిపేర్ ఫుడ్ యూజింగ్ సన్‌లైట్’ అని రాసిన పిల్లవాడికి సైన్సు వచ్చు, ఇంగ్లీషు వ్యాకరణం ఇంకా రావాలి. సైన్సు పేపర్లో ఆ తప్పు కింద గీత గీస్తాం, మార్కు మాత్రం తగ్గించం. అదే వాక్యం ఇంగ్లీషు పేపర్లో రాస్తే తగ్గుతుంది. పదో తరగతి వాళ్లకు బోర్డు పరీక్ష ఉంది కాబట్టి రాత మీద విడిగా సాధన చేయిస్తున్నాం.

కన్నడ ఇంకో రకం చిక్కు. 2015 నాటి కన్నడ భాషా అభ్యసన చట్టం ప్రకారం ఇక్కడ కర్ణాటక బడుల్లో కన్నడ నేర్పాలి, అది సబబే. కానీ కర్నూలు నుంచి నేరుగా ఆరో తరగతిలో చేరిన పిల్లకు, ఒకటో తరగతి నుంచి కన్నడ చదివిన పిల్లకు బడి పరీక్షల్లో ఒకే పేపరు ఇచ్చి ర్యాంకు చూస్తే కొలిచేది తెలివిని కాదు, చేరిన తేదీని. కొత్తగా వచ్చినవాళ్లకు మొదటి ఏడాది వాళ్ల స్థాయి పేపరు ఇస్తాం, ఆ విషయం ప్రోగ్రెస్ కార్డు మీద స్పష్టంగా రాస్తాం. పనిలో పనిగా ఒక మాట: ఇంట్లో తెలుగు చదవడం నేర్పండి. గుణింతాలు, ఒత్తులు పట్టుబడ్డ పిల్లలకు కన్నడ లిపి చాలా త్వరగా వస్తుంది.

ప్రాజెక్టుల గురించి మొహమాటం లేకుండా రాస్తున్నాను. థర్మాకోల్ అగ్నిపర్వతాలు, రాత్రి పదకొండుకు ప్రింటయిన చార్టులు మాకిక వద్దు. వాటిలో సగం మీ చేతిపని అని మీకూ తెలుసు, మాకూ తెలుసు. ఇకపై ప్రాజెక్టు బడిలోనే, బడి ఇచ్చే సామానుతోనే చేస్తారు. గ్రూపుగా చేసినా, ఆఖర్న ఒక్కొక్కరినీ విడిగా రెండు మూడు ప్రశ్నలు అడుగుతాం. ఈసారి ఏడు వచ్చినవాళ్లు ఎక్కువగా ఈ ప్రశ్నల దగ్గరే ఆగారు.

ఆలస్యంగా ఇచ్చిన హోంవర్కుకు మార్కులు తగ్గించడం మానేశాం. అది ‘పని అలవాట్లు’ అనే వేరే గడిలోకి వెళ్తుంది, దాన్ని మీరు తప్పక చదవాలి. జ్వరమొచ్చి పరీక్ష రాయకపోతే సున్నా వేయం, మళ్లీ రాయిస్తాం. మూడు పరీక్షల్లో 80 తెచ్చుకుని ఒకదానికి రాని పిల్లకు సున్నా కలిపితే సగటు 60కి పడిపోతుంది. ఆ 60 ఎవరిది? ఆ పిల్లదైతే కాదు. కాపీ కొట్టినా ఇదే పద్ధతి: టీచరు ఎదురుగా మళ్లీ రాయాలి, మిమ్మల్ని పిలిపిస్తాం, కార్డులో నమోదవుతుంది. ఇది మరీ మెతకదనం అని మా టీచర్లలోనే కొందరన్నారు. నా లెక్కలో శిక్ష వేరు, కొలత వేరు.

ఎస్‌ఎస్‌ఎల్‌సీ (పదో తరగతి బోర్డు పరీక్ష) తల్లిదండ్రులకు ప్రత్యేకంగా: 625 మార్కుల్లో మొదటి భాషకు 25, మిగతా ఐదు సబ్జెక్టులకు 20 చొప్పున ఇంటర్నల్ మార్కులు మా చేతిలో ఉంటాయి. అందరికీ 20కి 20 వేసేస్తే పిల్లల టోటల్ పెరుగుతుంది కదా అని ఏటా ఎవరో ఒకరు అడుగుతారు. వేయం. ప్రతి ఇంటర్నల్ మార్కుకూ వెనక స్లిప్ టెస్టు కాగితమో రికార్డో ఉంటుంది, మీరు ఎప్పుడైనా చూడొచ్చు.

ఐదో తరగతి లోపు పిల్లల పేపర్ల మీద ఈ వారం వ్యాఖ్యలే ఉంటాయి, మార్కులు తర్వాత పంపిస్తాం. మార్కు పక్కనే ఉంటే పిల్లలు టీచరు రాసింది చదవరు. ఇజ్రాయెల్‌లో రూత్ బట్లర్ 1988లో ప్రచురించిన అధ్యయనంలో, వ్యాఖ్య మాత్రమే అందుకున్న పిల్లలు తర్వాతి పనుల్లో మెరుగుపడ్డారు. వ్యాఖ్యతో పాటు మార్కు కూడా ఇస్తే ఆ మెరుగుదల కనిపించలేదు. ‘ఎన్ని వచ్చాయి?’ అని ఫోన్ చేసే అమ్మమ్మలకు ఈ రెండు మూడు రోజులు మీరే ఏదో ఒకటి చెప్పుకోవాలి.

మార్కు తప్పనిపిస్తే రీచెకింగ్ ఫారం క్లాస్ టీచరు దగ్గర ఉంది. ఐదో తరగతి నుంచి పైవాళ్లయితే ఫారం పిల్లలే నింపాలి: ఏ ప్రశ్న, స్కీమ్ ప్రకారం ఎన్ని రావాలి, ఎందుకు. మొదట దిద్దినవారు కాకుండా వేరే టీచరు చూస్తారు. మార్కు పెరగొచ్చు గానీ తగ్గదు, ఎందుకంటే తగ్గుతుందనే టెన్షన్ ఉంటే పిల్లలు అడగరు. ఫారాలు వచ్చే శనివారం మధ్యాహ్నంలోగా ఆఫీసులో ఇవ్వాలి. దయచేసి టీచర్ల సొంత నెంబర్లకు ఫోన్ చేయకండి.

ఇట్లు,
ప్రధానోపాధ్యాయురాలు