స్కాన్ దాకా ఆగండి

సంపాదకులకు,

పొత్తికడుపు కుడివైపు నొప్పి రాగానే మన దగ్గర ‘ఇరవై నాలుగు గంటల నొప్పి’, అంటే అపెండిసైటిస్ (పెద్దపేగు మొదట్లో ఉండే చిన్న తోక లాంటి అపెండిక్స్ వాచిపోవడం) అనేస్తారు. వెంటనే కోయించకపోతే పగిలిపోతుందని భయపడి స్కానింగ్‌కు కూడా ఆగరు. అపెండిక్స్ పగిలితే ప్రమాదమే, ఆ భయం ఊరికే పుట్టలేదు. కానీ అదే చోట నొప్పి తెచ్చినా, కోత అక్కర్లేని జబ్బులూ ఉన్నాయి.

పెద్దపేగు వెలుపలి గోడకు 50 నుంచి 100 దాకా చిన్న కొవ్వు తిత్తులు వేలాడుతుంటాయి. వాటిలో ఒకటి మెలిపడి రక్తం ఆడక వాచిపోవడాన్ని ఎపిప్లోయిక్ అపెండజైటిస్ అంటారు. అది కుడివైపు వస్తే అపెండిసైటిస్ అనే పొరబడతారు. అపెండిసైటిస్ నొప్పి సాధారణంగా బొడ్డు చుట్టూ మొదలై కొన్ని గంటల్లో కిందికి దిగుతుంది, ఆకలి చచ్చిపోతుంది, వాంతులవుతాయి. కొవ్వు తిత్తి వాపు అలా కాదు. రోగి ఒక్క వేలితో ‘ఇక్కడే’ అని చూపిస్తాడు. జ్వరం, వాంతులు చాలామందిలో ఉండవు, రక్తంలో తెల్లకణాలు మామూలుగానో కాస్త ఎక్కువగానో ఉంటాయి. సీటీ స్కాన్‌లో పేగును ఆనుకొని తెల్లటి అంచుతో, 1.5 నుంచి 3.5 సెంటీమీటర్ల కొవ్వు ముద్ద కోడిగుడ్డు ఆకారంలో కనిపిస్తుంది, పక్కనే అపెండిక్స్ బాగానే ఉంటుంది. వాపు తగ్గించే నొప్పి మాత్రలు వాడితే ఒకటి రెండు వారాల్లో తగ్గిపోతుంది. యాంటీబయాటిక్స్ కూడా సాధారణంగా అక్కర్లేదు. అల్సర్, కిడ్నీ జబ్బు ఉన్నవాళ్లు మాత్రం ఆ మాత్రలు సొంతంగా వేసుకోకూడదు.

వారాల తరబడి నొప్పి, సాయంత్రం జ్వరం, బరువు తగ్గడం ఉంటే పేగు క్షయను అనుమానించాలి.

ఆలస్యం పనికిరానివీ ఉన్నాయి. గర్భం దాల్చే వయసు స్త్రీకి ముందుగా మూత్రంతో గర్భ పరీక్ష చేయాలి. గర్భసంచిలో కాక పక్కనున్న ట్యూబులో నిలిచిన గర్భం పగిలితే ప్రాణం మీదికి వస్తుంది. మగపిల్లల్లో వృషణం మెలిపడితే కడుపునొప్పి అని మాత్రమే చెప్పి, సిగ్గుతో మిగతాది దాచేస్తారు. బట్టలు తీసి చూడకుండా ఆ పిల్లవాడి పరీక్ష పూర్తయినట్టు కాదు. ఆరు గంటలు దాటుతున్నకొద్దీ వృషణం దక్కే ఆశ సన్నగిల్లుతుంది.

అల్ట్రాసౌండ్ రిపోర్టులో ‘అపెండిక్స్ కనిపించలేదు’ అని రాస్తే అది బాగుందనీ కాదు, చెడిందనీ కాదు. గ్యాస్, లావు వల్ల కూడా కనిపించదు. అప్పుడు సీటీ అడగండి. గర్భిణికైతే ఎంఆర్ఐ మేలు. రోగి నిలకడగా ఉన్నప్పుడు స్కాన్ కోసం కొన్ని గంటలు ఆగితే నష్టం లేదు. పొట్ట రాయిలా బిగుసుకుపోయినా, నాడి వేగంగా కొట్టుకుంటూ రోగి వడలిపోతున్నా వెంటనే సర్జన్ చూడాలి.

– ఒక జనరల్ సర్జన్, గుంటూరు