'ధార్మిక సంస్థ' అట!

సంపాదకుడు గారికి,

పోయిన వారం మీ అంతర్జాతీయ పేజీలో జమాత్ ఉద్ దవాను 'పాకిస్తాన్‌కు చెందిన ధార్మిక సంస్థ' అని రాశారు. కోపం తగ్గాక ఉత్తరం రాద్దామని ఆగాను. తగ్గలేదు.

లష్కరే తోయిబాను పాకిస్తాన్ 2002 జనవరిలో నిషేధించింది. మనుషులు వాళ్లే, పెద్ద హఫీజ్ సయీదే, బోర్డు మాత్రం జమాత్ ఉద్ దవా. ముంబైలో 166 మంది పోయాక, 2008 డిసెంబరులో గానీ ఐక్యరాజ్యసమితి ఆ రెండూ ఒకటేనని తేల్చలేదు. తర్వాత ఫలాహ్ ఎ ఇన్సానియత్ ఫౌండేషన్ అని ఇంకో బోర్డు. దాన్ని ఐక్యరాజ్యసమితి ఆంక్షల జాబితాకెక్కించేసరికి 2012 వచ్చింది. బోర్డు తిప్పేసే చిట్‌ఫండ్ కంపెనీలు వీళ్ల దగ్గర పాఠాలు నేర్చుకోవాలి.

సేవ చేయరని నేను అనను. 2005 భూకంపంలో, 2010 వరదల్లో అంబులెన్సులతో, తిండితో దిగారు. చిక్కంతా అక్కడే. ఆకలిగా ఉన్నవాడు పెట్టేవాడి పుట్టుపూర్వోత్తరాలు అడుగుతాడా? బక్రీద్ నాడు గుమ్మంలోకి వచ్చిన వాళ్ల కుర్రాడికి కుర్బానీ మేక తోలు ఇచ్చేవాడూ పుణ్యమనే ఇస్తాడు. ఆ తోళ్లన్నీ పోగేసి అమ్మితే చేతికి నగదు. అందులో దుప్పట్లకెంత పోయిందో, తూటాలకెంత పోయిందో ఏ ఆడిటరు చెప్పగలడు?

2018 జూన్‌లో ఉగ్రవాద నిధులపై కన్నేసి ఉంచే అంతర్జాతీయ సంస్థ ఎఫ్‌ఏటీఎఫ్ పాకిస్తాన్‌ను గ్రే లిస్టులో, అంటే అదనపు నిఘా జాబితాలో, పెట్టాక గానీ అక్కడి ప్రభుత్వానికి చురుకు పుట్టలేదు. 2019లో జమాత్, ఫలాహ్ రెండింటిపైనా నిషేధం, 2020 ఫిబ్రవరిలో ఉగ్రవాద నిధుల కేసులో సయీద్‌కు శిక్ష. అన్నాళ్లూ లేనిది ఆధారాలు కాదు, అప్పు పుట్టదన్న భయం. ఇంతలో 2019లోనే 'ది రెసిస్టెన్స్ ఫ్రంట్' పుట్టుకొచ్చింది. ఈసారి మతం వాసన తగలకుండా ఇంగ్లీషు పేరు! దాన్ని లష్కర్ ముసుగుగా అమెరికా ప్రకటించింది 2025 జులైలో, పహల్గాంలో 26 మంది ప్రాణాలు పోయాక. చేతులు కాలాక ఆకులు పట్టుకోవడంలో అందరూ అందరే.

ఇక్కడ మేం నలుగురు పెన్షనర్లం పేదపిల్లల ఫీజుల కోసం చిన్న సంఘం పెట్టుకుంటే, ఖాతా తెరవడానికి బ్యాంకు మూడు నెలలు తిప్పింది. ఒకాయన ఆధార్‌లో ఇంటిపేరు ఒక్క అక్షరం తేడా ఉందట! నిఘా అంటే మాలాంటి వాళ్ల మీదే కాబోలు.

ఇకమీదట ఆ పేరు వచ్చినప్పుడు 'లష్కరే తోయిబా ముసుగు సంస్థ' అని వేయండి. స్థలం చాలదంటారేమో, 'ధార్మిక' తీసేస్తే కొంత చోటు దొరుకుతుంది.

– ఒక విశ్రాంత ఉద్యోగి