గింజల డబ్బా అడుగు విప్పి చూడు

కోవూరు,
ఫిబ్రవరి 16.

చి. ల. సౌ. మాధవికి,

నాన్న దీవెనలు. ఇక్కడ అమ్మా నేనూ కులాసా. ఊళ్ళో కోతలు మొదలయ్యాయి. ఈ వారంలోనే మన చేలోకి కూడా మిషను దిగుతుంది.

పిట్టలకు గింజలు పెట్టే డబ్బాలవి నువ్వు ఫోనులో పంపిన మూడు ఫోటోలూ చూశాను. ‘వీటిలో ఏది కొనమంటావు నాన్నా?’ అన్నావు. ఏదో ఒకటి అప్పుడే చెప్పేయవచ్చు. కానీ పిట్టల విషయంలో నేను ఒకసారి చేసిన తప్పు నువ్వు చేయకూడదని తీరిగ్గా కూర్చుని రాస్తున్నాను.

చంటికి ఎర్ర కప్పు ఉన్న చెక్క ఇల్లు నచ్చిందన్నావు. చూడముచ్చటగానే ఉంది. అది మాత్రం వద్దు. ఫోటోను పెద్దది చేసి చూశాను. అడుగు పలకను మేకులతో బిగించేశారు. గింజలు పోయడానికి పైన మూత ఉంది గాని, లోపలికి చెయ్యి దూరే దారి లేదు. అంటే దాన్ని కడగలేవు. కడగడానికి వీలుకాని డబ్బాలో పిట్టలకు తిండి పెట్టకూడదు.

పాత ఇంట్లో మునగచెట్టుకు నేను కట్టిన డబ్బా నీకు గుర్తుందో లేదో. అప్పుడు నువ్వు హాస్టల్లో ఉన్నావు. అదీ ఇలాంటిదే, అడుగు ఊడి రాదు. ఎండాకాలమంతా బాగానే నడిచింది. కార్తీకంలో ముసురు పట్టింది. మన వైపు పెద్ద వానలు అక్టోబరు నుంచి డిసెంబరు దాకా ఈశాన్య రుతుపవనాలతోనే కదా, వాయుగుండం పడితే రోజుల తరబడి ఎండ ముఖం కనిపించదు. పైన గింజలు తగ్గినప్పుడల్లా నేను పోస్తూ వచ్చాను. అడుగున తడిసినవి ముద్దకట్టి, నల్లబడి, బూజు పట్టిన సంగతి చూసుకోలేదు. ఒక పొద్దున చెట్టు కింద గువ్వ ఒకటి ఈకలు ఉబ్బించుకుని, కళ్ళు సగం మూసుకుని కూర్చుని ఉంది. దగ్గరికి వెళ్ళినా ఎగరలేదు. మర్నాటికి చనిపోయింది. ఆ వారంలోనే రెండు పిచ్చుకలు కూడా పోయాయి. డబ్బా దించి పగలగొడితే లోపలి నుంచి పుల్లటి కంపు కొట్టింది.

పొలాల్లో, చెట్ల మీద ఎక్కడికక్కడ తిరిగి తినే ప్రాణులను మనం పిలిచి ఒకచోట చేరుస్తున్నాం తల్లీ. అవి తిన్నచోటే రెట్ట వేస్తాయి. ఒకదానికి జబ్బు ఉంటే ఆ రెట్ట అంటిన గింజలే మిగతావాటికీ జబ్బు తెస్తాయి. పిలిచినవాళ్ళమే శుభ్రం చూడాలి. ఆ గువ్వ ఇప్పటికీ నా కళ్ళముందే ఉంది.

అందుకే దుకాణంలో ముందు అడుగు తిప్పి, విప్పి చూడు. రెండో ఫోటోలోని పొడుగు గొట్టం నాకు నచ్చింది. అడుగు మరలాగా ఊడి వస్తే, సీసాలు కడిగే బ్రష్షు ఈ చివర నుంచి ఆ చివరకు పోతే, అడుగున నీళ్ళు జారిపోయే చిల్లులు ఉంటే కళ్ళు మూసుకుని కొను. మూత గొడుగులా బయటికి వచ్చి ఉండాలి. పిట్టలు వాలే పుల్లలు చెక్కవి అయితే మేలు, మీ ఒంగోలు ఎండలకు ఇనుప పుల్లలు కాలిపోతాయి. ఆ పుల్లలు పొట్టిగా ఉండటం కూడా మంచిదే. పిచ్చుకలకు అవి చాలు, పావురాలకు కాలు నిలవదు. మీ ఎదురింటి మేడ మీద పావురాలు ఎన్ని ఉన్నాయో పోయినసారి నేను చూశాను. మూడోది, గొలుసులతో వేలాడే పళ్ళెం, నిజానికి కడగడానికి అన్నిటికంటే సులువు. గోరింకలూ గువ్వలూ కూడా వచ్చి తింటాయి. కానీ మీ వీధిలో దాన్ని కట్టావంటే పావురాలు తప్ప ఇంకేవీ దగ్గరికి రాలేవు.

వారానికి ఒకసారి దించి, మిగిలిన గింజలు పారబోసి, వేడి సబ్బునీళ్ళతో తోము. వంటింటి సింకులో కాదు, పెరటి కొళాయి దగ్గర. తర్వాత చేతులు బాగా కడుక్కో, చంటి చేతులు కూడా కడిగించు. డబ్బా పూర్తిగా ఎండాకే మళ్ళీ గింజలు పోయాలి. కాస్త తడి ఉన్నా పనికిరాదు. ముసురు రోజుల్లో అయితే ఊరికే దించి లోపల పెట్టెయ్యి. ఎప్పుడైనా ఈకలు ఉబ్బించుకుని మందకొడిగా కూర్చున్న పిట్ట కనిపించిందా, ఆ పూటే డబ్బా తీసేసి రెండు వారాలు కట్టకు. పిట్టలు ఆకలితో మాడిపోతాయని బెంగపడకు, వాటి తిండి అవి వెతుక్కోగలవు.

ఇక ఎక్కడ కట్టాలి? జామకొమ్మకే కట్టాలని చంటి అంటాడు. కొమ్మకు దగ్గరగా కడితే పిల్లి పొంచి దూకుతుంది, ఉడుతలు ప్లాస్టిక్కును కొరికేస్తాయి. బట్టలు ఆరేసే తీగ వంటిది ఒకటి లాగి, నీ తలకంటే ఎత్తులో, చెట్టుకు నాలుగు బారల దూరంలో వేలాడదియ్యి. డేగ వస్తే పిట్టలు దూరడానికి చెట్టు ఆ మాత్రం దూరంలో ఉండాలి కూడా. కిటికీ అద్దం సంగతి మరచిపోకు. అద్దంలో ఆకాశం కనిపించి పిట్టలు వచ్చి గుద్దుకుంటాయి. డబ్బా అద్దానికి 3 అడుగుల లోపల అయినా ఉండాలి, 30 అడుగుల అవతల అయినా ఉండాలి. మరీ దగ్గరైతే పిట్టకు వేగం అందుకునే చోటు ఉండదు, గుద్దుకున్నా పెద్ద దెబ్బ తగలదు. మధ్య దూరమే ప్రమాదం.

గింజల్లో సజ్జలు, కొర్రలు, నూకలు పిచ్చుకలకు ఇష్టం. చిలకలు రావాలంటే పొద్దుతిరుగుడు గింజలు కొన్ని కలుపు. వేరుశనగ పప్పు పెడితే పచ్చిదే, ఉప్పు లేనిది, చిన్న ముక్కలు చేసి పెట్టు. బూజు వాసన ఉన్న పప్పు ఒక్కటి కూడా వద్దు, ఆ బూజులో విషం ఉంటుంది. కారప్పూస, రొట్టె, కూర కలిసిన అన్నం వద్దు. అన్నిటికంటే గట్టిగా చెప్పేది ఇది: విత్తనాల దుకాణంలో గింజలు కొనకు. నాటడానికి అమ్మే విత్తనాలకు మందు పట్టించి, గుర్తు కోసం గులాబీ రంగో మరొకటో వేస్తారు. వాటిని తింటే పిట్ట ప్రాణానికే ముప్పు. కిరాణా కొట్టులో మనం వండుకునే గింజలే కొను.

సాయంత్రానికి అయిపోయేంతే పొయ్యి. కింద రాలినవి చీకటి పడకముందే ఊడ్చెయ్యి. రాలిన గింజలకు ఎలుకలు వస్తాయి, ఎలుకల వెనకాల పాము వస్తుంది, పెరట్లో పసివాడు తిరుగుతుంటాడు.

తేనెపిట్టల కోసం పంచదార నీళ్ళ సీసా కూడా కొంటానన్నావు. దండగ. మీ పెరటి మందారాలే వాటికి చాలు. దానికి బదులు ఒక మట్టి మూకుడు కొని రెండు అంగుళాల లోతు మించకుండా నీళ్ళు పొయ్యి, మధ్యలో ఒక రాయి పెట్టు. రోజూ పారబోసి తోమి పొయ్యాలి, లేకపోతే దోమలు గుడ్లు పెడతాయి. రోహిణి కార్తెలో గింజల కంటే ఆ నీళ్ళే పిట్టలకు ఎక్కువ అవసరం.

ఇంకో మాట. పిచ్చుక తాను గింజలు తిన్నా, గూట్లో పిల్లలకు పెట్టేది పురుగులనే. నువ్వు గులాబీలకు పురుగుమందు కొట్టిస్తూ ఇటు డబ్బాలో సజ్జలు పోస్తే వాటి పిల్లలు బతకవు. మార్చి 20న పిచ్చుకల దినోత్సవమని చంటి బడిలో బొమ్మలు గీయిస్తారేమో, ఈ సంగతి వాడికి ముందే చెప్పి ఉంచు.

డబ్బా కట్టిన రోజే పిట్టలు వస్తాయని చంటికి ఆశ పెట్టకు. ఒక్కోసారి రెండు మూడు వారాలు పడుతుంది. మొదట ఒకటి తీగ మీద వాలి, అటూ ఇటూ చూసి, తినకుండానే వెళ్ళిపోతుంది. అప్పుడు వాడు పరుగెత్తకుండా చూడు. అది మళ్ళీ వస్తుంది.

మీ తాతయ్యకు ఈ డబ్బాలేమీ తెలియవు. మొలగొలుకుల వరి కోసిన రోజు సాయంత్రం వసారాలో కూర్చుని పిచ్చుకలకు కంకుల కుచ్చు అల్లేవారు. కాడలు కాస్త పచ్చిగా ఉన్నప్పుడే అల్లాలి, ఎండితే విరుగుతాయి. ఆకు దూసేసి, మూడేసి కంకులు కలుపుతూ జడలాగా అల్లుకుంటూ పోయి, పైన నారతో బిగించి చూరుకు కట్టేవారు. తిన్నాక మిగిలిన గడ్డి పారేస్తే అయిపోయె, కడిగే పనే లేదు. ఇప్పుడు మిషను కోస్తే అల్లడానికి పనలు మిగలవు. అందుకని ఈసారి మన నెల్లూరు మసూరి వరిలో గట్టు పక్కన ఒక మూల కోయవద్దని డ్రైవరుకు చెప్పాను. దాన్ని నేను కొడవలితో కోసి కుచ్చులు అల్లుతాను.

రెండు కుచ్చులు ఆదివారం బస్సు పార్సిల్‌లో వేస్తాను. నువ్వు డబ్బా కొనేదాకా ఆగనక్కర లేదు. ముందుగా వీటిని వానజల్లు తగలని చోట, తూర్పు వైపు వరండా చూరుకు కట్టు. మొదటి పిచ్చుక వాలిన రోజు చంటితో నాకు ఫోను చేయించు.

అల్లుడుగారికి మా ఇద్దరి ఆశీస్సులు.

మీ నాన్న