ములాంజే కొండ మీద నన్ను మోసినవాళ్లకు

మలావీలోని బ్లాంటైర్‌లో వైద్య విద్యార్థులకు పాఠాలు చెప్పడానికి స్వచ్ఛందంగా వచ్చి మూడు నెలలైంది. మొన్న శని, ఆదివారాలు సెలవు దొరికితే, ఎప్పటినుంచో ఊరిస్తున్న ములాంజే కొండకు వెళ్లాను. 3,002 మీటర్ల సపిట్వా శిఖరం మీద నాకు ఆశ లేదు. లికుబుల నుంచి చాంబే దాకా ఎక్కి, అక్కడి విడిదిలో ఒక రాత్రి ఉండి దిగుదామనుకున్నాను.

ఆ రాత్రి కాపలాదారు కట్టెల పొయ్యి మీద న్సిమా వండిపెట్టాడు. మొక్కజొన్న పిండితో చేసిన తెల్లని ముద్ద. తింటుంటే మన సంకటి గుర్తొచ్చింది. తెల్లవారేసరికి చిపెరోని పట్టుకుంది. ఈ చలి నెలల్లో మొజాంబిక్ వైపు నుంచి వచ్చి కొండను కమ్మేసే మంచుతుంపరను ఇక్కడ అలా పిలుస్తారు. దిగుతుంటే తడి బండ మీద కాలు జారింది. చీలమండ దగ్గర టప్పుమని చప్పుడు వినగానే ఎముక విరిగిందని తెలిసిపోయింది.

నా సంచి మోస్తున్న అబ్బాయి వెంటనే రెండు కొమ్మలు విరిచి ఆకులు దూసేశాడు. కట్టెల మోపుతో దిగుతున్న ఒక అమ్మ మోపు దించి, పైన చుట్టుకున్న చిటెంజే గుడ్డ విప్పి ఇచ్చింది. నేను చెప్పే లోపే వాళ్లిద్దరూ కొమ్మలు అటూ ఇటూ పెట్టి కాలు కదలకుండా కట్టేశారు. తర్వాత కింది నుంచి నలుగురు మనుషులు వచ్చారు. పొడవాటి కర్రకు దుప్పటి కట్టి నన్ను అందులో పడుకోబెట్టారు.

అది అచ్చంగా మన డోలీయే. విశాఖ కేజీహెచ్‌లో హౌస్ సర్జన్‌గా ఉన్నప్పుడు, పాడేరు కొండల్లో డోలీలో దిగి అక్కడి దాకా చేరిన రోగులను చూశాను, కేసు షీట్లు రాశాను. వాళ్లను మోసిన భుజాల గురించి ఒక్కసారి కూడా అడగలేదు. ఇప్పుడు మూడు గంటలసేపు నా కళ్లెదుట ఉన్నవి ఆ భుజాలే. ముందున్న పెద్దాయన చొక్కా భుజం దగ్గర చిరిగి, కర్ర ఒరుసుకున్నచోట చర్మం ఎర్రగా కమిలింది. కుదుపు వచ్చిన ప్రతిసారీ నలుగురూ ఒక్క గొంతుతో "పెపాని, పెపాని" అనేవారు. మనం "అయ్యో" అన్నట్టే. నొప్పి నాది, బాధపడుతున్నది వాళ్లు.

కింద తేయాకు తోట ట్రక్కు డ్రైవరు తన పని ఆపుకుని ఆసుపత్రిలో దించి వెళ్లాడు. రాత్రంతా నా విద్యార్థులు వంతులవారీగా పక్కన కూర్చున్నారు.

మీ అందరికీ జికోమో క్వంబిరి, చాలా కృతజ్ఞతలు. ఎంత డబ్బు ఇవ్వబోయినా మీరు ముందు మాట్లాడుకున్న కూలికి మించి తీసుకోలేదు. నేను దీన్ని మరచిపోను.

అమ్మా, మీ చిటెంజే ఉతికి మడతపెట్టాను. ఈ శనివారం లికుబుల వైపు వెళ్తున్న మా విద్యార్థి చేతికి ఇచ్చి పంపుతున్నాను. కట్టు విప్పాక మీ ఇంటికి నేనే నడిచి వస్తాను.