ఇసుక ఈగల వాసన కబుర్లు

సంపాదకులు గారికి,

కాలా అజార్ (ఇసుక ఈగ కుట్టడం వల్ల సోకే జ్వరం జబ్బు) మీద మీరు వేసిన వ్యాసం బాగుంది గానీ, అంతా మందు పిచికారీ గురించే, ఆ జబ్బును మోసే ఇసుక ఈగ సంగతి రెండు ముక్కల్లో తేల్చేశారు. బ్రెజిల్‌లో ఈ జబ్బును అంటించే లుట్జోమియా లాంగిపాల్పిస్ అనే రకం చూడండి. పొద్దుగూకాక మగవి కోళ్ల గూటికి చేరి, పొట్ట మీది గ్రంథుల నుంచి ఫెరోమోన్ (తమ జాతి పురుగుల్ని రప్పించే వాసన పదార్థం) వదులుతూ రెక్కలు ఆడిస్తాయి, ఆ వాసనకు ఇంకొన్ని మగవి, వాటితోపాటు ఆడవీ వచ్చి పడతాయి, జత కట్టేదీ అక్కడే, ఆడవాటికి రక్తం దొరికేదీ అక్కడే (మగవి కుట్టవు లెండి). గుడ్లకీ ఒక వాసన ఉంది, అది పట్టి మిగతా ఆడవి కూడా అక్కడికే వచ్చి గుడ్లు పెడతాయి.

మన పత్తి రైతులు గులాబీ పురుగుకి లింగాకర్షక బుట్టలు పెడతారు కదా, ఇదీ ఆ కిటుకే, కాకపోతే అక్కడ ఆడదాని వాసనకి మగది వస్తుంది, ఇక్కడ తిరగేసి. సావో పాలో రాష్ట్రంలో ఈ ఫెరోమోన్‌ను ల్యాబ్‌లో తయారుచేసి, కోళ్ల గూళ్లలో మందు కొట్టిన చోటే పెట్టి చూస్తే, కుక్కలకి ఇన్ఫెక్షన్ సోకడం దాదాపు సగానికి తగ్గింది. అక్కడ మనుషులకి ఈ జబ్బు పాకేది ఎక్కువగా కుక్కల నుంచే, కోళ్లకి మాత్రం రాదు.

ఇలాంటివాటికీ కాస్త చోటివ్వండి, రాశిఫలాలకి అరపేజీ ఇస్తున్నారుగా.

ఇట్లు,
ఒక పాత పాఠకుడు, ఖమ్మం