ఆట చెప్పే మైకు మా చేతికీ ఇప్పించండి: క్రీడల శాఖ మంత్రి గారికి బహిరంగ లేఖ

గౌరవనీయులైన ఆంధ్రప్రదేశ్ యువజన, క్రీడల శాఖ మంత్రి గారికి,

విషయం: ప్రభుత్వ నిధులతో జరిగే పోటీల్లో మహిళా వ్యాఖ్యాతల ఎంపిక, పారితోషికం గురించి.

అయ్యా,

నేను కోనసీమలో పుట్టి పెరిగి, డిగ్రీ వరకు కబడ్డీ ఆడి, గత 11 ఏళ్ళుగా గోదావరి జిల్లాల్లో జరిగే టోర్నమెంట్లకు వ్యాఖ్యానం చెబుతున్నాను. ఈ పని నేను వెతుక్కుంటూ వెళ్ళి పట్టుకున్నది కాదు. ఒక సంక్రాంతికి మా లంక గ్రామంలో, కొబ్బరిచెట్లకు ఫ్లడ్‌లైట్లు కట్టి, ఏటి ఇసుక పోసి, సున్నంతో గీతలు గీసిన కోర్టులో కబడ్డీ పోటీలు జరుగుతుండగా, మూడు రోజులుగా వ్యాఖ్యానం చెబుతున్న వ్యాయామ ఉపాధ్యాయుడికి సెమీఫైనల్ వేళకు గొంతు పూర్తిగా పోయింది. పక్కన స్కోరు రాస్తున్న నన్ను పిలిచి, "ఆట నీకు తెలుసు కదమ్మా, నువ్వు చెప్పు" అంటూ ఆయన మైకు నా చేతిలో పెట్టారు. అదనపు పాయింటు తెచ్చే బోనస్ గీత దాటిన రైడర్ (కూతకు వెళ్ళిన ఆటగాడు) వెనక కాలు అప్పటికి గాలిలో ఉందో లేదో, కూత ఎక్కడ తెగిందో, గీత తాకిన చెయ్యి ఎవరిదో, అన్నీ ఒక్క ఊపిరిలో చెప్పాలి. ఏటిగట్టు మీద నిలబడ్డ జనానికి కోర్టు సరిగా కనబడదు కనుక వాళ్ళకు హారన్‌లో వినబడిందే ఆట. ఆ రాత్రి నేను రెండుసార్లు స్కోరు తప్పు చెప్పాను, రెండుసార్లూ గట్టు మీద నుంచే ఎవరో అరిచి సరిచేశారు.

ఇక అసలు విషయానికి వస్తాను. తెలుగులో వ్యాఖ్యాత అన్న ఒకే మాటను మనం రెండు వేర్వేరు పనులకు వాడుతున్నాం. వేదిక మీద అతిథులను ఆహ్వానించి, బహుమతి ప్రదానం నడిపించే మనిషీ వ్యాఖ్యాతే, జరుగుతున్న ఆటను క్షణక్షణం విడమరిచి చెప్పే మనిషీ వ్యాఖ్యాతే. ఈ ఒక్క మాట చాటున జరుగుతున్నదేమిటంటే, మహిళా వ్యాఖ్యాతను పిలిచామని నిర్వాహకులు చెప్పుకుంటారు, ఆట మాత్రం ఆమె చేత చెప్పించరు. మూడేళ్ళ క్రితం ప్రభుత్వ సాయంతో జరిగిన ఒక రాష్ట్రస్థాయి పోటీకి నన్ను పిలిచారు. కరపత్రంలో నా పేరు వ్యాఖ్యానం కింద వేశారు. జట్ల వివరాలన్నీ నోటుపుస్తకంలో రాసుకుని వెళ్ళాను. తీరా అక్కడ, "మీరు స్వాగతం చెప్పండి మేడమ్, ఆట మావాళ్ళు చూసుకుంటారు" అన్నారు. చివరిరోజు నాకు శాలువా కప్పారు, పక్క కుర్చీలో ఆట చెప్పిన ఇద్దరికీ కవర్లు అందాయి. మా ఇంట్లో అలాంటి శాలువాలు ఇప్పటికి పద్నాలుగున్నాయి. గోదావరి జిల్లాల ఉక్కపోతలో వాటిని ఏం చేసుకోవాలో మా అమ్మకు నేటికీ పాలుపోలేదు.

ఆడవాళ్ళు ఆట చెప్పడం కొత్తేమీ కాదు. భారత క్రికెట్ తొలి టెస్ట్ కెప్టెన్ సి.కె.నాయుడు గారి కుమార్తె చంద్ర నాయుడు 1977లోనే ఇందోర్‌లో బొంబాయి, ఇంగ్లండుకు చెందిన ఎం.సి.సి. జట్ల మ్యాచ్‌కు వ్యాఖ్యానం చెప్పారు. ఆటలో మనవాళ్ళు వెనకబడ్డారా అంటే అదీ లేదు. 2025 నవంబరు 2న ప్రపంచ కప్పు గెలిచిన మహిళా జట్టులో కడప జిల్లా అమ్మాయి శ్రీచరణి ఉంది.

మా అమలాపురం కుర్రాడు సాత్విక్ సాయిరాజ్ 2022 మే 15న థామస్ కప్ బ్యాడ్మింటన్ ఫైనల్లో చిరాగ్ శెట్టితో కలిసి డబుల్స్ ఆడుతున్నప్పుడు మా వీధిలో పిల్లలంతా మా అరుగు మీద ఒకే ఫోను చుట్టూ చేరారు. ఇంగ్లిషు వ్యాఖ్యానం వాళ్ళకు అందడం లేదని నేను ఫోను గొంతు తగ్గించి తెలుగులో చెప్పడం మొదలుపెట్టాను. మొదటి గేమ్ 18-21తో పోయి, రెండోది 23-21తో దక్కి, మూడోది 21-19తో ముగిసేదాకా ఎవరూ అరుగు దిగలేదు. సర్వీసు ఎందుకు అంత పొట్టిగా వేస్తారని ఒక పిల్ల అడిగింది. షటిల్ వల మీదుగా కాస్త ఎత్తుగా వెళ్ళినా అవతలివాడు ముందుకొచ్చి కొట్టేస్తాడని చెబితే, ఆ తర్వాత ప్రతి సర్వీసుకూ ఆ పిల్ల వల కేసే చూసింది.

మా తెలుగు గొంతులకు క్రీడా ఛానళ్ళలో చోటు ఇప్పించమని నేను అడగడం లేదు, అది మీ చేతిలో లేదని తెలుసు. మండల, జిల్లా, రాష్ట్ర స్థాయుల్లో ప్రభుత్వ ఖర్చుతో జరిగే పోటీలు మాత్రం మీ చేతిలోనివే. ముఖపరిచయంతో కాకుండా, పది నిమిషాల ఆట రికార్డింగు చూపించి, దానికి వ్యాఖ్యానం చెప్పించి, గొంతు ఎవరిదో తెలియనివ్వకుండా ఎంపిక చేయించండి. ఎంపికైనవారిలో మహిళలకు ఆట చెప్పే కుర్చీయే కేటాయించాలని ఉత్తర్వులో స్పష్టంగా రాయించండి, లేకపోతే మళ్ళీ స్వాగతం చెప్పమంటారు. అంపైర్లకు, రిఫరీలకు ఇచ్చినట్లే వ్యాఖ్యాతలకూ రోజుకింతని పారితోషికం నిర్ణయించి బ్యాంకు ఖాతాలో వేయించండి. ఫైనల్ అయ్యేసరికి రాత్రి పదకొండు దాటుతుంది, ఆ వేళ రావులపాలెం కాంప్లెక్సులో బస్సు కోసం ఒంటరిగా నిలబడ్డ అనుభవం నాకుంది కనుక, మహిళా రిఫరీలకు ఇచ్చే బసలోనే మాకూ చోటు చూపించమని కోరుతున్నాను.

ఆ ఎంపిక రాజమహేంద్రవరంలో పెట్టినా, అమరావతిలో పెట్టినా నేను వస్తాను, ఈ ఏడాది మా ఊరి కబడ్డీ జట్టులో ఆడిన ఇద్దరమ్మాయిలను కూడా వెంట తీసుకొస్తాను.

ఇట్లు,
భవదీయురాలు,
ఒక క్రీడా వ్యాఖ్యాత,
కోనసీమ.