మన సంఘం వార్షిక నివేదిక 2025-26 (స్టేషన్ రోడ్డు, వరంగల్)

గౌరవ సభ్యులకు, పెద్దలకు నమస్కారం. సర్వసభ్య సమావేశంలో కార్యదర్శి నివేదిక చదవాలని మన నియమావళి చెబుతోంది కాబట్టి చదువుతున్నాను. సంఘం ఆశయాలు మీకు తెలిసినవే, మళ్లీ చెప్పి విసిగించను.

నెలవారీ సమావేశాలు జరిగాయి. కొన్ని కోరం లేక వాయిదా పడ్డాయి, ఎవరి వల్లనో వాళ్లకు తెలుసు. ఎండాకాలం చలివేంద్రం ఎప్పట్లాగే నడిచింది. రోజూ కుండలు కడిగి నీళ్లు నింపిన టీకొట్టు అన్నకు కృతజ్ఞతలు. బతుకమ్మ తొమ్మిది రోజులూ వీధిలో లైట్లు ఆరకుండా చూసుకున్నాం.

ఇక ఈ ఏడాది మనం గర్వంగా చెప్పుకోవాల్సింది స్టేషన్ చరిత్ర సభ, ఫొటోల ప్రదర్శన. మన ఊరికి రైలు వచ్చి 140 ఏళ్లయింది. ఈ సంగతి ఇంకెవరికీ పట్టలేదు, మనకు పట్టింది. ఇళ్లలో ట్రంకు పెట్టెల్లో ఉన్న పాత ఫొటోలు, అట్ట టికెట్లు, రైల్వేలో పనిచేసిన తాతల సర్వీసు కాగితాలు తెచ్చి ఇచ్చారు. ఒక రిటైర్డ్ చరిత్ర లెక్చరర్ గారు రూపాయి తీసుకోకుండా వచ్చి మాట్లాడారు. గంటే అనుకున్నాం, జనం కదలకపోవడంతో రెండు గంటలు సాగింది. రాలేకపోయిన వాళ్ల కోసం ముఖ్యమైన విషయాలు ఇక్కడ రాస్తున్నాను.

1874లో కర్ణాటకలోని వాడి జంక్షన్ నుంచి సికింద్రాబాద్ దాకా వచ్చిన లైను 1886లో వరంగల్ చేరింది. మొదట్లో పట్టాలు ఇక్కడికే ఆగాయి. తర్వాత డోర్నకల్ మీదుగా 1889లో బెజవాడ దాకా వెళ్లాయి. ఇదంతా మన మీద ప్రేమతో వేసిన లైను అని చాలామంది అనుకుంటాం. లెక్చరర్ గారు నవ్వి, బొగ్గు సంగతి ఎత్తారు. 1871లోనే ఇల్లందు దగ్గర బొగ్గు ఉందని భూగర్భ శాస్త్రవేత్త డాక్టర్ కింగ్ కనిపెట్టాడు. దాన్ని బయటికి తేవాలంటే రైలు కావాలి. లండన్‌లో కంపెనీ పెట్టారు, దాని వాటాదారులకు వడ్డీ హామీ మాత్రం నిజాం ఖజానా ఇచ్చింది. అంటే లాభం ఎవరికి వచ్చినా పూచీ మన రైతు కట్టిన శిస్తుదే.

ఈ ఒప్పందం మీద 1883లో హైదరాబాద్‌లో పెద్ద గొడవే జరిగింది. గ్రూప్స్‌కు చదివే పిల్లలకు 'చందా రైల్వే ఉద్యమం' అంటే ఒక మార్కు బిట్టు. చందా అంటే ఇప్పటి చంద్రపూర్, మన లైనును అక్కడిదాకా కూడా వేయాలన్నది ఆ పథకం. అది మన స్టేషన్ ముచ్చటే అని ఎంతమందికి తెలుసు? పథకం షరతులు జనానికి చెప్పమని అడిగినందుకు సరోజినీ నాయుడి తండ్రి అఘోరనాథ్ చటోపాధ్యాయను రాజ్యం నుంచే వెళ్లగొట్టారు. ఇది విన్నాక మన సభలో వెనక వరుస నుంచి ఒకరు 'మన సంఘం లెక్కలు అడిగితే ఏం చేస్తారు' అన్నారు. లెక్కలు కింద ఉన్నాయి, చూసుకోండి.

1929లో కాజీపేట–బల్లార్షా లైను పూర్తవడంతో ఢిల్లీ–మద్రాసు దారి మన మీదుగా పడింది. మరుసటి ఏడాది కంపెనీ చేతిలోంచి రైల్వేను నిజాం ప్రభుత్వం తీసుకుంది. 1934లో ఆజంజాహీ మిల్లు వచ్చింది. పత్తి రావడానికి, గుడ్డ పోవడానికి రైలు పక్కనే ఉంది మరి. పట్టాలకు అటు కోట, శివనగర్, ఇటు బీట్ బజార్, గ్రైన్ మార్కెట్. స్టేషన్ లేకుంటే ఈ బజార్లు ఇంతగా పెరిగేవి కావన్నది లెక్చరర్ గారి మాట. తరతరాలుగా ఇక్కడ వ్యాపారం చేస్తున్న వాళ్లెవరూ కాదనలేదు. జంక్షన్ హోదా, లోకోషెడ్లు కాజీపేటకు పోయాయని మనవాళ్లకు ఇప్పటికీ కడుపుమంటే. ఏం చేద్దాం, జీటీ (గ్రాండ్ ట్రంక్) ఎక్స్‌ప్రెస్ మాత్రం ఆగేది మన దగ్గరే.

2025 మే 22న బేగంపేట, కరీంనగర్ స్టేషన్లతో పాటు మన స్టేషన్‌కు కూడా అమృత్ భారత్ స్టేషన్ల పథకం కింద కొత్త హంగులతో ప్రారంభోత్సవం జరిగింది. కాకతీయుల ముచ్చట ముఖద్వారంలో కనిపిస్తుంది, సంతోషం. 1886 నుంచి జరిగిన కథ కూడా ఒక గోడ మీద రాయమని వినతిపత్రం ఇచ్చాం. ఫొటోలు మేమే ఇస్తాం, ఖర్చు కూడా పెట్టుకుంటాం అన్నాం. సంబంధిత అధికారి కాగితం తీసుకుని 'పైకి పంపుతాం' అన్నారు. అది ఎంత పైకి వెళ్లిందో ఇప్పటిదాకా దిగిరాలేదు. అండర్ బ్రిడ్జి కింద నిలిచే వాన నీళ్లదీ ఇదే పరిస్థితి. ఒక ఆఫీసుకు పోతే మాది కాదంటారు, రెండో ఆఫీసుకు పోతే మొదటి ఆఫీసు పేరు చెబుతారు.

మెట్రో నియో సంగతి కొందరు అడిగారు. కాజీపేట నుంచి హన్మకొండ మీదుగా వరంగల్ దాకా రబ్బరు టైర్ల మీద, పైన కరెంటు తీగతో నడిచే బండి అది. డీపీఆర్ (పూర్తి ప్రాజెక్టు నివేదిక) తయారైందని పేపర్లలో మీరూ చదివారు. అంతకు మించి సంఘం చేతిలో ఏమీ లేదు, దయచేసి నన్ను అడగొద్దు.

ఒక్క మాట చెప్పక తప్పదు. సభకు ముందు రోజు రాత్రి వాట్సాప్ గ్రూపులో అందరూ బొటనవేలు గుర్తు పెట్టారు. పొద్దున కుర్చీలు వేసింది మాత్రం మహిళా విభాగం అక్కలు, ఇద్దరు డిగ్రీ పిల్లలు, కోశాధికారి గారు. ఫొటో దిగేటప్పుడు మాత్రం స్టేజీ సరిపోలేదు. హాలు ఉచితంగా ఇచ్చిన యజమానికి, ఫ్లెక్సీ ప్రింటు చేసిన తమ్ముడికి, ఉప్మా, చాయ్ పంపిన హోటల్ వారికి, గార్డు ఉద్యోగం ముచ్చట్లు చెప్పి అందరినీ నవ్వించిన మన తాతగారికి పేరుపేరునా ధన్యవాదాలు.

లెక్కలు: ఆడిట్ అయిన పత్రం వెనక జతచేశాం. అప్పు లేదు, కొద్దిగా మిగులు ఉంది. చందా బాకీ ఉన్న వాళ్ల పేర్లు ఈసారికి చదవడం లేదు.

ప్రదర్శనకు ఇచ్చిన ఫొటోలన్నీ స్కాన్ చేయించి కవర్లలో పెట్టాం. ఎవరివి వాళ్లు కోశాధికారి గారి దుకాణంలో సంతకం పెట్టి తీసుకోవాలి. సహాయ కార్యదర్శి పదవి ఖాళీగా ఉంది. ఈ సమావేశంలోనే ఎన్నుకోవాలి కాబట్టి పేర్లు ఇవ్వండి. పనిచేసే వాళ్ల పేర్లే ఇవ్వండి.

ఇట్లు,
కార్యదర్శి